జన్యువుకు స్టార్టర్ ఎక్కడుంది? వరి, జొన్నల్లో ప్రమోటర్ల వేట

క్లుప్తంగా: ఒక జన్యువు ఎప్పుడు, మొక్కలో ఎక్కడ, ఎంత మోతాదులో పనిచేయాలో నిర్ణయించే డీఎన్ఏ ముక్కను ప్రమోటర్ అంటారు. అది ఏం చేస్తుందో కంప్యూటర్ అంచనాతో పూర్తిగా తేలదు. మొక్కలో పెట్టి చూడాల్సిందే. ఈ పనిలో జన్యుమార్పిడి పరీక్ష సాధనం మాత్రమే. పరీక్షించిన మొక్క విత్తనంగా పొలానికి రాదు. దానివల్ల తెలిసిన సంగతి వేరే దారుల్లో వస్తుంది. ఎండాకు తెగులును తట్టుకునే సాంబ మసూరి వెనుక ఉన్నది అలాంటి సంగతే.

2025 మే 4న కేంద్ర వ్యవసాయ శాఖ రెండు కొత్త వరి రకాలను ప్రకటించింది. ఒకటి డీఆర్ఆర్ ధాన్ 100, దానికే ‘కమల’ అని పేరు. రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధన సంస్థ దాన్ని సాంబ మసూరి నుంచి తయారుచేసింది. రెండోది పూసా డీఎస్‌టీ రైస్ 1. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఎంటీయూ 1010 నుంచి తెచ్చింది. తల్లి రకాలు రెండూ నాగార్జునసాగర్ ఎడమ కాలువ రైతులకూ, మిర్యాలగూడ మిల్లులకూ, జూరాల ఆయకట్టుకూ ఏళ్లుగా తెలిసినవే. అందుకే ప్రకటన రాగానే ‘ఇదీ బీటీ పత్తి లాంటిదేనా?’ అన్న ప్రశ్న వచ్చింది. పత్తి చేలున్న నల్లగొండలో, విత్తన పత్తి పండించే గద్వాలలో ఆ పోలిక రావడం సహజమే.

అయితే ఆ పోలిక దగ్గరే గందరగోళం మొదలవుతోంది. జన్యు సవరణ (మొక్కలో ఉన్న డీఎన్ఏ అక్షరాలనే మార్చడం), జన్యుమార్పిడి (బయటి డీఎన్ఏను చేర్చడం), మార్కర్ల సాయంతో చేసే సంకరణం (కావలసిన జన్యువు వచ్చిందో లేదో డీఎన్ఏ గుర్తులతో చూసుకుంటూ చేసేది) అన్నీ ఒకే మూటలో పడిపోతున్నాయి. చర్చంతా ‘ఏ జన్యువు పెట్టారు’ అన్న దాని చుట్టూనే తిరుగుతోంది. ఆ జన్యువును నడిపే స్విచ్ గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. చాలా సందర్భాల్లో ఫలితాన్ని తేల్చేది మాత్రం ఆ స్విచ్చే.

బోరు మోటారు, ఆటో స్టార్టర్

మోటారు ఎన్ని హార్స్‌పవర్లదైనా స్టార్టర్ లేకుండా తిరగదు. ఆ స్టార్టర్ ఎలాంటిదన్న దాని మీద బోరు భవిష్యత్తు ఆధారపడుతుందని పాలమూరు రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 2018 జనవరి 1న వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలుకాబోయే ముందు, ఆటో స్టార్టర్లు తీసేయండని తెలంగాణ ప్రభుత్వం పదే పదే కోరింది. ఆటో స్టార్టర్ ఉంటే కరెంటు ఉన్నంతసేపూ మోటారు తిరుగుతూనే ఉంటుంది. మడికి నీళ్లు కావాలా వద్దా అన్నది దానికి పట్టదు. మోటారులో లోపం లేదు, నడిపించే తీరులోనే ఉంది చిక్కంతా.

మొక్కలో జన్యువును మోటారు అనుకుంటే ప్రమోటర్ దాని స్టార్టర్. వరి వేరు కణంలో ఏ జన్యువులు ఉన్నాయో ఆకు కణంలోనూ, గింజలోనూ అవే ఉంటాయి. వేరు వేరుగా, ఆకు ఆకుగా ఉండటానికి కారణం ఒక్కో చోట వాటిలో కొన్నే పనిచేయడం. జన్యువు మొదలయ్యే చోటికి కాస్త ముందు ఉండే డీఎన్ఏ మీద జన్యువును ఆర్ఎన్ఏగా నకలు తీసే ఆర్ఎన్ఏ పాలిమరేస్ అనే ఎంజైమ్ వచ్చి కూర్చుంటుంది. డీఎన్ఏ అంటే నాలుగు రకాల రసాయన అక్షరాల వరుస. చాలా జన్యువుల్లో మొదలుకు 25 నుంచి 30 అక్షరాల ముందు ‘టాటా బాక్స్’ అనే గుర్తు కనిపిస్తుంది. ఇంకా ముందుకు వెళ్తే వేడికి, ఎండకు, తెగులుకు, హార్మోన్లకు స్పందించే ప్రొటీన్లు పట్టుకునే చిన్న చిన్న గుర్తులు ఉంటాయి. ఇవన్నీ కలిసి ఉన్న ప్రాంతమే ప్రమోటర్.

కొన్ని ప్రమోటర్లు ఆటో స్టార్టర్ లాంటివి. అన్ని భాగాల్లో, అన్ని వేళలా జన్యువును నడుపుతాయి. కొన్ని ఒక భాగానికే పరిమితం. బంగారు బియ్యంలో కెరోటిన్ గింజలోనే తయారుకావాలి కాబట్టి, వరి గింజలో మాత్రమే పనిచేసే గ్లుటెలిన్ ప్రమోటర్ వాడారు. ఆకులో కెరోటిన్ ఎలాగూ ఉంటుంది, అక్కడ అదనంగా అక్కర్లేదు. ఇంకొన్ని ప్రమోటర్లు పురుగు కొరికినప్పుడో, నీటి ఎద్దడి వచ్చినప్పుడో మాత్రమే పనిలోకి దిగుతాయి.

పత్తికి సరిపోయింది వరికి చాలలేదు

మన దేశంలో 2002లో అనుమతి పొందిన బీటీ పత్తిలో, పురుగును చంపే ప్రొటీన్‌ను తయారుచేసే క్రై1ఏసీ జన్యువును నడిపింది 35ఎస్ ప్రమోటర్. కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తీసుకున్న ముక్క అది. మొక్కలోకి చొరబడ్డ వైరస్ తన జన్యువులను ఎక్కడైనా, ఎప్పుడైనా నడుపుకోవాలి కదా, అందుకే దాని స్విచ్ బలమైనది. పొగాకు, పత్తి లాంటి మొక్కల్లో బాగా పనిచేసింది.

అలాగని అన్ని చోట్లా సమానంగా పనిచేసిందని కాదు. నాగ్‌పూర్‌లోని కేంద్ర పత్తి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 2005లో ప్రచురించిన పరిశీలనలో, పంట ముదిరేకొద్దీ బీటీ ప్రొటీన్ తగ్గుతున్నట్టు, ఆకుల కంటే పచ్చికాయ తొక్కలో, పూల అండాశయంలో చాలా తక్కువగా ఉన్నట్టు తేలింది. కాయతొలిచే పురుగు ఎక్కువగా ఇష్టపడేది ఆ భాగాలనే. తర్వాతి ఏళ్లలో గులాబీ రంగు పురుగు బీటీని తట్టుకోవడానికి వేరే కారణాలూ ఉన్నాయి. దాన్నంతా ప్రమోటర్ మీదకు నెట్టడం సరికాదు. కానీ ‘జన్యువు పెట్టాం, పని అయిపోయింది’ అనుకోవడం ఎంత తొందరపాటో మాత్రం ఆ పరిశీలన చూపింది.

ధాన్యపు పంటల్లో 35ఎస్ ఇంకా బలహీనపడింది. వరి, మక్కజొన్న, జొన్న ఏకదళ బీజాలు. వాటి కణాల్లోని నియంత్రణ ప్రొటీన్లకు ఈ వైరస్ గుర్తులు అంతగా నప్పలేదు. దాంతో 1990ల మొదట్లో పరిశోధకులు ఆ పంటల్లోనే స్విచ్‌లు వెతికారు. వరి నుంచి యాక్టిన్ 1, మక్కజొన్న నుంచి యుబిక్విటిన్ 1 ప్రమోటర్లు అలా దొరికాయి. ఈ రెండింటిలో ఒక విశేషం ఉంది. జన్యువు మొదలయ్యాక వచ్చే మొదటి ఇంట్రాన్‌ను, అంటే ఆర్ఎన్ఏ నుంచి తర్వాత కత్తిరించి పారేసే ముక్కను, కూడా కలిపి తీసుకుంటేనే అవి పూర్తి బలంతో పనిచేస్తాయి. పారేసే ముక్క లేకపోతే స్విచ్ నీరసపడుతుందన్న మాట. జన్యువుకు ముందున్న డీఎన్ఏను మాత్రమే చదివి ఇది ఊహించడం ఎవరికీ సాధ్యం కాదు. కణాల్లో పెట్టి కొలిస్తేనే బయటపడింది.

కంప్యూటర్ ఎందుకు చాలదు?

వరి జన్యుపటం 2005లో పూర్తయింది. 11వ క్రోమోజోమ్ పనిలో మన దేశ శాస్త్రవేత్తలూ ఉన్నారు. జొన్న, మక్కజొన్నల పటాలు 2009లో వచ్చాయి. అక్షరాలన్నీ చేతిలో ఉన్నాక ప్రమోటర్లను కంప్యూటర్‌లో వెతుక్కోవచ్చు కదా అనిపిస్తుంది.

ఒక చిన్న లెక్క వేస్తే చిక్కు తెలుస్తుంది. నియంత్రణ ప్రొటీన్లు పట్టుకునే గుర్తులు తరచూ ఆరేడు అక్షరాలే ఉంటాయి. నాలుగు అక్షరాల భాషలో ఆరక్షరాల మాట ఒకటి కేవలం యాదృచ్ఛికంగా 4,096 అక్షరాలకు ఒకసారి తగులుతుంది. వరి జన్యుపటం సుమారు 38 కోట్ల 90 లక్షల అక్షరాలు. అంటే ఆ ఒక్క గుర్తే దాదాపు 95 వేల చోట్ల కనిపిస్తుంది. వాటిలో నిజంగా పనిచేసేవి కొన్నే. ‘కరువు గుర్తు’ ఉందని సాఫ్ట్‌వేర్ చెప్పినంత మాత్రాన అది కరువు స్విచ్ అయిపోదు.

దూరం ఇంకో చిక్కు. అడవి వరిలో గింజ పండగానే రాలిపోతుంది. కొన్ని సాగు రకాల్లో గింజ కంకిని అంటిపెట్టుకుని ఉండటానికి ఒక కారణం క్యూఎస్‌హెచ్1 జన్యువుకు 12 వేల అక్షరాల దూరంలో జరిగిన ఒకే ఒక్క అక్షరం మార్పు అని జపాన్ శాస్త్రవేత్తలు 2006లో చూపించారు. జన్యువులో ఏ మార్పూ లేదు. కల్లం దాకా ధాన్యం చేరడం వెనుక అంత దూరంలో ఉన్న స్విచ్ ఉంది.

నీలిరంగు చెప్పే సాక్ష్యం

అందుకే పరీక్ష. పద్ధతి వినడానికి సాదాగానే ఉంటుంది. అనుమానం ఉన్న జన్యువుకు ముందున్న వెయ్యి నుంచి రెండు వేల అక్షరాల ముక్కను తీసి, దాని వెనుక అసలు జన్యువుకు బదులు ‘గస్’ అనే గుర్తు జన్యువును అతికిస్తారు. ఇది ఈ.కోలై బ్యాక్టీరియాది, ఒక రసాయనాన్ని నీలంగా మార్చే ఎంజైమ్‌ను తయారుచేస్తుంది. 1987 నుంచి మొక్కల ప్రయోగశాలల్లో వాడుతున్నారు. మొక్కల్లో సహజంగా ఈ ఎంజైమ్ పని దాదాపు కనిపించదు కాబట్టి, ఎక్కడ కనిపించినా అది అతికించిన ప్రమోటర్ పుణ్యమే.

ఈ జోడును వరిలోకి పంపేది ఆగ్రోబాక్టీరియం అనే నేల బ్యాక్టీరియా. గాయపడ్డ మొక్కలోకి తన డీఎన్ఏ ముక్కను దూర్చడం దానికి పుట్టుకతో వచ్చిన విద్య. అయితే పత్తి, టమాటా లాంటి మొక్కలు గాయమైనప్పుడు వదిలే రసాయనాలే దాన్ని పిలుస్తాయి. ధాన్యపు పైర్లు అలా పిలవవు. చాలా కాలం వీటికి ఈ దారి మూసుకుపోయిందనే అనుకున్నారు. 1994లో జపాన్ బృందం ఒకటి ఆ పిలుపు రసాయనాన్ని తామే గిన్నెలో కలిపి, సరైన దశలో ఉన్న కణాలను ఎంచుకుని వరిలో నమ్మకంగా జన్యుమార్పిడి చేసి చూపింది. అంతకుముందు ఎక్కువగా వాడింది జీన్ గన్. డీఎన్ఏ పూసిన సూక్ష్మ లోహపు రేణువులను కణాల్లోకి పేల్చే యంత్రం అది.

వడ్లగింజ పొట్టు తీసి, శుభ్రం చేసి, 2,4-డి కలిపిన జెల్లీ మీద పెడతారు. పొలంలో కలుపు మందుగా కొట్టే 2,4-డియే ఇది. అతి తక్కువ మోతాదులో హార్మోన్‌లా పనిచేసి, పిండం నుంచి ఆకారం లేని కణాల ముద్దను పెంచుతుంది. ఆ ముద్ద మీదకు బ్యాక్టీరియాను వదిలి, డీఎన్ఏ చేరిన కణాలను మాత్రమే బతకనిచ్చే మందు మీద పెంచి, చిన్న మొక్కలను మొలిపిస్తారు. తర్వాత వేరు, ఆకు, పూత, పాలు పోసుకునే గింజ, ఇలా ఒక్కో భాగాన్ని కోసి రసాయనంలో నానబెడతారు. ప్రమోటర్ ఎక్కడ పనిచేస్తుంటే అక్కడ నీలిరంగు వస్తుంది. ఆల్కహాల్‌లో ఆకుపచ్చదనం కడిగేస్తే నీలం స్పష్టంగా తేలుతుంది.

అసలు శ్రమ ఆ తర్వాతే. ప్రమోటర్ ముక్కను ఒక చివర నుంచి కొద్దికొద్దిగా కత్తిరించి, ప్రతి పొట్టి ముక్కతో మళ్లీ మొక్కలు పెంచాలి. 1,500 అక్షరాలున్నప్పుడు పుప్పొడిలో కనిపించిన నీలం 900కి తగ్గించగానే మాయమైతే, పుప్పొడికి సంబంధించిన గుర్తు ఆ మధ్యలో ఉందన్న మాట. చివరికి ఆ గుర్తులోని నాలుగైదు అక్షరాలే మార్చి చూస్తారు. ఒక్కో విడతకు నెలలు పడుతుంది.

ఒక్క మొక్కను చూసి తీర్పు చెప్పడానికీ లేదు. బ్యాక్టీరియా డీఎన్ఏ ముక్కను ఎక్కడ పడేస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. ఒకే విత్తనం రేగడిలో ఒకలా, చల్కలో ఒకలా వచ్చినట్టు, ఒకే ప్రమోటర్ క్రోమోజోమ్‌లో పడ్డ చోటును బట్టి బలంగానో నీరసంగానో కనిపిస్తుంది. రెండు మూడు ప్రతులు చేరితే మొక్కే దాన్ని మూసేయవచ్చు. పైగా మొక్కలను ఏరడానికి వాడే మందు నిరోధక జన్యువుకు 35ఎస్ పెడితే, పక్కనున్న పరీక్ష ప్రమోటర్‌ను అది ప్రభావితం చేసి తప్పుడు నీలం చూపించగలదు. కాబట్టి విడివిడిగా పుట్టిన చాలా మొక్కలను, వాటి తర్వాతి తరాన్ని చూశాకే ఒక మాట అనగలరు. ఈ రంగంలో వచ్చే వ్యాసాల్లో ఎన్ని స్వతంత్ర మొక్కలు చూశారన్నది ముందు చూడాల్సిన అంకె.

దీనికి తలకిందులుగా నడిచే పద్ధతి ఇంకోటి ఉంది. ప్రమోటర్ లేని గస్ జన్యువును వేల మొక్కల్లోకి ఎరలా వదులుతారు. అది ఏదైనా జన్యువు పక్కన పడితే, అక్కడి స్విచ్ దాన్ని నడిపి నీలం చూపిస్తుంది. నీలం ఎక్కడ వచ్చిందో చూసి, ఆ మొక్కలో డీఎన్ఏ పడిన చోటును చదివి, ఊహించని ప్రమోటర్లను పట్టుకుంటారు. కొరియాలో వరి మీద ఇలా పెద్ద ఎత్తున చేశారు.

జొన్న మొండితనం

పాలమూరు చల్కల పంట జొన్న విషయంలో ఇదంతా ఒక మెట్టు కష్టం. జొన్న కణాలు జెల్లీలోకి ఫినాలిక్ పదార్థాలు వదిలి గోధుమరంగుకు తిరిగి చచ్చిపోతాయి. ఒక రకంలో కుదిరింది ఇంకో రకంలో కుదరదు. జన్యుమార్పిడి జరిగిన మొదటి జొన్న 1993లో వచ్చింది. కణాలను మొక్కలుగా తొందరగా మలిచే బేబీ బూమ్, వుషెల్ జన్యువుల వాడకం 2016 తర్వాత ఈ మొండితనాన్ని కొంత తగ్గించింది.

హైదరాబాద్ అనుభవం ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. కాండం తొలుచు పురుగును తట్టుకునే జొన్న కోసం అక్కడి శాస్త్రవేత్తలు బీటీ జన్యువును, గాయమైనప్పుడు మాత్రమే పనిచేసే మక్కజొన్న ప్రమోటర్‌తో జోడించి 2005లో ఫలితాలు ప్రచురించారు. ఆలోచన తెలివైనది. పురుగు కొరికిన చోటే విషం తయారవుతుంది, మిగతా మొక్కకు భారం ఉండదు. కానీ తయారైన ప్రొటీన్ చాలా తక్కువ. రక్షణ పాక్షికంగానే దక్కింది. జన్యువు మంచిదే, స్విచ్ సరైన చోటే పనిచేసింది, బలం చాలలేదు. మక్కజొన్న స్విచ్ జొన్నలో అదే బలంతో పనిచేస్తుందన్న పూచీ లేదు, అవి దగ్గరి చుట్టాలైనా సరే.

ఎండాకు తెగులు: దొంగ చేతికి అందని స్విచ్

ప్రమోటర్ పరిశోధనకు పొలంలో ఉపయోగం ఏమిటన్న ప్రశ్నకు మంచి జవాబు ఎండాకు తెగులు దగ్గర దొరుకుతుంది. వానాకాలంలో గాలివానల తర్వాత, యూరియా ఎక్కువైన మడుల్లో సాంబ మసూరి ఆకులు కొసల నుంచి ఎండుతూ రావడం ఎడమ కాలువ రైతులకు తెలిసిన దృశ్యమే. దీనికి కారణమైన బ్యాక్టీరియా ఆకులోకి చేరి, తన ప్రొటీన్‌ను కణంలోకి ఎక్కిస్తుంది. ఆ ప్రొటీన్ నేరుగా స్వీట్11 అనే వరి జన్యువు ప్రమోటర్ మీద కూర్చుని దాన్ని నడపడం మొదలుపెడుతుంది. స్వీట్ జన్యువుల పని చక్కెరను కణం బయటికి పంపడం. అంటే పక్కవాడి బోరుకు స్టార్టర్ నొక్కి నీళ్లు తోడుకున్నట్టు, బ్యాక్టీరియా వరి స్విచ్ నొక్కి చక్కెర తోడుకుంటుంది.

స్వీట్11కే ఎక్స్‌ఏ13 అనే నిరోధక రూపం ఉన్న వరిలో బ్యాక్టీరియా ప్రొటీన్ పట్టుకునే చోట ప్రమోటర్ అక్షరాలు మారి ఉంటాయి. దొంగ చేతికి స్విచ్ అందదు. 2006లో ఈ గుట్టు విప్పింది జన్యుమార్పిడి ప్రయోగాలే. తెగులు సోకే రకం జన్యువును నిరోధక మొక్కలో పెడితే దానికీ తెగులు వచ్చింది. మరి ఆ జన్యువునే పూర్తిగా అణచేస్తే? తెగులు ఆగింది, కానీ పుప్పొడి పాడైంది, కంకి తాలుపోయింది. ఎందుకంటే పుప్పొడి ఎదగడానికి ఆ జన్యువు తప్పనిసరి. జన్యువును తీసేస్తే పంటే పోతుంది. స్విచ్‌లో కొన్ని అక్షరాలు మారితే పంట ఉంటుంది, తెగులు ఆగుతుంది.

2008లో విడుదలైన మెరుగుపరిచిన సాంబ మసూరిలో ఉన్న మూడు నిరోధక జన్యువుల్లో ఎక్స్‌ఏ13 ఒకటి. రాజేంద్రనగర్ వరి సంస్థ, హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) కలిసి దాన్ని మార్కర్ల సాయంతో మామూలు సంకరణం ద్వారానే తెచ్చాయి. మిగతా రెండింటిలో ఎక్స్‌ఏ5 కూడా స్విచ్ కథే. బ్యాక్టీరియా ప్రొటీన్ ప్రమోటర్ దగ్గర ఆసరాగా వాడుకునే వరి ప్రొటీన్‌లో చిన్న మార్పు అది. ఎక్స్‌ఏ21 ఆఫ్రికా అడవి వరి నుంచి వచ్చింది, శత్రువును గుర్తుపట్టే కాపలా జన్యువు. మూడింటిని కలపడంలో అర్థం ఉంది. కొన్ని బ్యాక్టీరియా తెగలు స్వీట్11ను వదిలేసి స్వీట్13, స్వీట్14 స్విచ్‌లు నొక్కడం నేర్చాయి. ఆ దారులన్నీ మూయడానికి 2019లో అంతర్జాతీయ బృందం ఒకటి మూడు ప్రమోటర్లనూ జన్యు సవరణతో మార్చిన వరిని చూపించింది.

కరువు స్విచ్

నీటి ఎద్దడి విషయంలో పాఠం ఇంకా సూటిగా ఉంటుంది. కరువును తట్టుకునే ఇతర జన్యువులను నడిపించే డ్రెబ్1ఏ జన్యువును 35ఎస్‌తో నడిపితే మొక్క కరువును తట్టుకుంది, కానీ గిడసబారిపోయింది. కరువు లేని రోజుల్లోనూ కరువు ఏర్పాట్లు చేసుకుంటూ కూర్చుంది. అదే జన్యువును ఎద్దడిలో మాత్రమే పనిచేసే ఆర్‌డీ29ఏ ప్రమోటర్‌తో నడిపినప్పుడు ఎదుగుదల నిలిచింది. 1999 నాటి ఈ ఫలితం తర్వాత పటాన్‌చెరులోని ఇక్రిశాట్ అదే జోడును పల్లి మొక్కల్లో పరీక్షించింది. మక్కజొన్నలో 2017లో ఆర్గోస్8 అనే జన్యువును ముట్టుకోకుండా, దాని ముందు మక్కజొన్నకే చెందిన వేరే ప్రమోటర్‌ను సవరణతో పెట్టారు. పూత దశలో నీటి ఎద్దడి వచ్చినా దిగుబడి మెరుగ్గా ఉందని ఆ సవరణ చేసిన కంపెనీ పొలం పరీక్షల్లో తేలింది.

పొలానికి వచ్చే దారులు

ఒకే పరిశోధన నుంచి మూడు రకాల విత్తనాలు రావచ్చు, మూడింటికీ నిబంధనలు వేరు. ప్రకృతిలో ఉన్న మంచి ప్రమోటర్‌ను సంకరణంతో తెస్తే జన్యుమార్పిడి నిబంధనలు వర్తించవు. ఎక్స్‌ఏ13 వచ్చింది ఇలాగే. ఉన్న ప్రమోటర్‌లో కొన్ని అక్షరాలు మార్చి, బయటి డీఎన్ఏ ఏదీ మిగలకుండా చూస్తే, కేంద్రం 2022 మార్చిలో ఇచ్చిన మినహాయింపు కిందికి వస్తుంది. 2025 మేలో ప్రకటించిన రెండు వరి రకాలదీ ఇదే దారి, కాకపోతే వాటిలో మార్చింది జన్యువు అక్షరాలనే. వేరే జీవి జన్యువునో ప్రమోటర్‌నో శాశ్వతంగా చేర్చితే మాత్రం 1989 నిబంధనలు, కేంద్రం నియమించిన జన్యు ఇంజనీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) అనుమతి తప్పవు. బీటీ పత్తి ఈ కోవలోది.

సవరణ చేసే పనిముట్టును కూడా సాధారణంగా ఆగ్రోబాక్టీరియంతోనే లోపలికి పంపుతారు. అందుకే ‘బయటి డీఎన్ఏ లేదు’ అన్న మాట కొందరికి నమ్మశక్యంగా ఉండదు. పనిముట్టు ఒక్క చోటే చేరిన మొక్కను తనలో తానే పరాగసంపర్కం చెందనిస్తే, సంతానంలో దాదాపు నాలుగో వంతు మొక్కలకు ఆ పనిముట్టు రాదు. వాటిలో కావలసిన అక్షరం మార్పు ఉన్నవాటిని ఏరి ముందుకు తీసుకెళ్తారు, మిగతావి నాశనం చేస్తారు. గస్‌తో పరీక్షించిన మొక్కల సంగతి అంతకంటే సాదా. వాటిని కట్టుదిట్టమైన గ్లాస్‌హౌస్ దాటనివ్వరు. ఆల్కహాల్‌లో కడిగిన నీలిరంగు ముక్క ఎలాగూ మొలకెత్తదు. దాని నుంచి బయటికి వచ్చేది ఏ అక్షరం దగ్గర నీలం ఆగిపోయిందన్న సమాచారం ఒక్కటే.